ఎయిర్ రైఫిల్‌లో గాలి లీకు, మరమ్మతు

ఎయిర్ రైఫిల్‌లో గాలి లీకు అనగా గాలి తుపాకిలో నిలువ ఉండవలసిన గాలి, లేదా గుండును ముందుకు తోయవలసిన గాలి, అతుకుల వద్ద గాని కవాటాల వద్ద గాని బయటికి పోవడం. ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. గాలి పీడనమే దానికి శక్తి. కనుక గాలి నిలువకపోతే రైఫిల్ పనిచేయదు, లేదా ఒక్కొక్క గుండు ఒక్కొక్క వేగంతో వెళ్ళి గురి తప్పుతుంది. గాలి తుపాకులలో తరచుగా కనిపించే లోపం ఇదే. చాలా సందర్భాలలో దీనికి కారణం కొద్దిపాటి ఖరీదు చేసే రబ్బరు వలయం మాత్రమే. అయితే ఆ వలయాన్ని మార్చడానికి విప్పవలసిన భాగాలలో ఎక్కువ పీడనం గల గాలి, లేదా గట్టిగా నొక్కి ఉంచిన స్ప్రింగు ఉంటుంది. అందువలన లోపం చిన్నదైనా మరమ్మతు చిన్న పని కాదు. లీకు ఎక్కడ ఉన్నదో గుర్తించడం యజమాని చేయగలడు. విప్పడం మాత్రం తెలిసినవారు చేయవలసిన పని.

చరిత్ర

గాలి తుపాకులు కొత్తవి కావు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని రాజాయుధ ప్రదర్శనశాలలో సుమారు 1580 నాటి గాలి తుపాకి ఉన్నది. 18వ శతాబ్దం చివరిలో బార్తొలోమియస్ గిరార్డోని రూపొందించిన ఎయిర్ రైఫిల్‌ను ఆస్ట్రియా సైన్యం ఉపయోగించింది. దీని మడమ భాగమే గాలి తొట్టి. దానిని నింపడానికి చేతి పంపుతో సుమారు 1500 సార్లు కొట్టవలసి వచ్చేది. గాలి పోకుండా అతుకుల వద్ద తోలు వాషర్లు ఉండేవి. తోలు ఎండితే గాలి లీకయ్యేది గనుక వాటిని తడిగా ఉంచేవారు. తుపాకి చక్కగా పనిచేసినా, దానిని బాగుచేయగల శిక్షణ పొందిన పనివారు అన్ని చోట్లా దొరకకపోవడం కూడా అది సైన్యంలో ఎక్కువ కాలం నిలువకపోవడానికి ఒక కారణంగా చెబుతారు.

1803-1806 మధ్య అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించిన లూయిస్, క్లార్క్ బృందం వద్ద కూడా ఒక ఎయిర్ రైఫిల్ ఉండేది. ఇది గిరార్డోని రకానిదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. 1803 ఆగస్టు చివరలో, యాత్ర మొదట్లోనే, దీనిని చూడడానికి వచ్చిన వ్యక్తి చేతిలో అది పొరపాటున పేలి, కొంత దూరంలో ఉన్న ఒక స్త్రీ తలకు గాయమైంది. ఆమె ప్రాణానికి ప్రమాదం తప్పింది. 1805 జూన్ 10న, బృందం నేటి మోంటానా రాష్ట్రంలో ఉండగా, బృంద సభ్యుడైన కమ్మరి జాన్ షీల్డ్స్ ఈ రైఫిల్‌కు ప్రధాన స్ప్రింగును కొత్తగా వేశాడని మెరివెదర్ లూయిస్ దినచర్యలో వ్రాశాడు. జనావాసాలకు అంత దూరంలో ఆ తుపాకి పనికి వచ్చిందంటే, బాగుచేయగల మనిషి వెంట ఉండడమే కారణం.

రకాలు, లీకయ్యే భాగాలు

ఎయిర్ రైఫిల్‌ను బాగుచేయించే ముందు అది ఏ రకమో తెలియాలి. రకాన్ని బట్టి లీకయ్యే చోటు మారుతుంది.

* స్ప్రింగు రైఫిల్: తిరునాళ్ళలో, ఎగ్జిబిషన్లలో బుడగలు కొట్టే ఆటకు వాడేవి ఎక్కువగా ఈ రకానివే. గొట్టాన్ని క్రిందికి వంచినప్పుడు లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. మీట నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. దీనిలో గాలి నిలువ ఉండదు. కనుక "బుస్సు"మనే శబ్దం రాదు. గుండు నెమ్మదిగా వెళ్ళడమే లీకుకు గుర్తు. పిస్టన్ తలకు ఉండే వాషరు, గొట్టం మూసుకునే చోట ఉండే చిన్న వాషరు అరుగుతాయి. పాత రైఫిళ్ళలో పిస్టన్ వాషరు తోలుది. సైకిలు పంపులోని తోలు వాషరు ఎండి గాలి పట్టనట్లే ఇదీ ఎండిపోతుంది.
* చేతిపంపు రైఫిల్: ఒక్కసారి గాని, పలుమార్లు గాని పంపు కొట్టి గాలిని నింపుతారు. పంపు వాషరు, కవాటం లీకవుతాయి.
* కార్బన్ డయాక్సైడ్ రైఫిల్: చిన్న సిలిండరులోని ద్రవరూప వాయువుతో పనిచేస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపలి పీడనం సుమారు 57 బార్ ఉంటుంది. వేడి పెరిగిన కొద్దీ ఇది బాగా పెరుగుతుంది. ఈ వాయువును పీల్చుకొని కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది.
* ముందే నింపిన గాలి రైఫిల్: దీనిని పీసీపీ అని పిలుస్తారు. నేటి పోటీలలో వాడే రైఫిళ్ళు దాదాపు అన్నీ ఈ రకానివే. సిలిండరులో సాధారణంగా 200 బార్ వరకు గాలి నింపుతారు. వంటగ్యాసు రెగ్యులేటరు వలె దీనిలోనూ ఒక రెగ్యులేటరు ఉండి, పీడనాన్ని తగ్గించి ప్రతి గుండుకూ సమానంగా అందిస్తుంది. అతుకులు ఎక్కువ గనుక లీకయ్యే చోట్లు కూడా ఎక్కువే.

లీకుకు కారణాలు

పీసీపీ రైఫిల్‌లో గాలిని ఆపేవి ముఖ్యంగా ఓ-రింగులనే రబ్బరు వలయాలు. ఇవి నైట్రైల్ రబ్బరుతో గాని పాలీయురెథేన్‌తో గాని తయారవుతాయి. సంవత్సరాలు గడిచిన కొద్దీ రబ్బరు గట్టిపడి, చదునై, పగుళ్ళు తేలుతుంది. వాడకుండా బీరువాలో ఉంచిన రైఫిల్ కూడా కాలక్రమంలో లీకు కావచ్చు. ఇతర కారణాలు ఇవి:

* నింపే గాలిలో తేమ ఉండడం. తేమ లోపల చేరి ఇనుప భాగాలను తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పు పొడి కవాటం క్రింద చేరితే అది పూర్తిగా మూసుకోదు. చేతి పంపుతో నింపేవారికి ఈ సమస్య ఎక్కువ.
* దుమ్ము, ఇసుక, లోహపు రజను నింపే రంధ్రం ద్వారా లోపలికి వెళ్ళడం.
* ఓ-రింగును వేసేటప్పుడు మర చుట్లు తగిలి కోసుకొనిపోవడం.
* తగని నూనె వాడి రబ్బరు ఉబ్బడం.
* కవాటం కూర్చునే గద్దెపై గీతలు పడడం.

లీకు కాని లీకులు

గేజి ముల్లు దిగిన ప్రతిసారీ లీకు ఉన్నట్లు కాదు. మూసి ఉన్న పాత్రలో వాయువు చల్లబడితే పీడనం తగ్గుతుంది. ఎండాకాలం 40 డిగ్రీల వేడిలో 200 బార్ వరకు నింపిన సిలిండరును 25 డిగ్రీల చల్లని గదిలో ఉంచితే, ఒక్క బుడగ గాలి కూడా పోకుండానే గేజి సుమారు 190 బార్ చూపిస్తుంది. త్వరత్వరగా నింపినప్పుడు గాలి వేడెక్కుతుంది. అది చల్లారిన తర్వాత కూడా ఇలాగే ముల్లు దిగుతుంది. కనుక ఒకే ఉష్ణోగ్రత వద్ద తీసుకున్న రెండు కొలతలనే పోల్చాలి.

గొట్టంలోనే గాలి నింపుకొనే కొన్ని పీసీపీ రైఫిళ్ళు పూర్తిగా ఖాళీ అయితే, తిరిగి నింపేటప్పుడు గాలి నోటి గుండా వెళ్ళిపోతుంది. లోపలి సుత్తి కవాటాన్ని నొక్కి పట్టి ఉండడమే దీనికి కారణం. ఇటువంటి వాటిని, గుండు లేకుండా, సుత్తిని వెనక్కి లాగి నిలిపిన తర్వాత నింపాలని తయారీదారుల సూచనా పుస్తకాలలో ఉంటుంది. దీనిని లోపమని భావించి రైఫిల్‌ను విప్పేవారు ఉన్నారు.

లీకును గుర్తించడం

పరీక్షకు ముందు రైఫిల్‌లో గుండు లేదని నిర్ధారించుకొని, నోటిని సురక్షితమైన దిక్కుకు ఉంచాలి. ఆ తర్వాత గేజి కొలతను, గది ఉష్ణోగ్రతను, సమయాన్ని కాగితంపై వ్రాసి, 24 గంటల తర్వాత మళ్ళీ చూడాలి. విడదీయగల సిలిండరు ఉన్న రైఫిల్‌లో రెండు రాత్రులు పరీక్షించవచ్చు. ఒక రాత్రి సిలిండరును విడిగా ఉంచాలి, మరొక రాత్రి రైఫిల్‌కు బిగించి ఉంచాలి. విడిగా ఉన్నప్పుడు పీడనం నిలిచి, బిగించినప్పుడు తగ్గితే లోపం రైఫిల్‌లో ఉన్నది. విడిగా ఉన్నప్పుడే తగ్గితే సిలిండరు కవాటంలో గాని గేజిలో గాని ఉన్నది.

పంక్చరు షాపులో ట్యూబును నీటి తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు. రైఫిల్‌ను అలా ముంచరాదు. చిన్న కుంచెతో సబ్బు నీటిని అతుకులపై మాత్రమే పూసి బుడగలు చూసి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు ఉంటే దాని దగ్గరకు నీరు పోనివ్వరాదు. బుడగలు వచ్చే చోటును బట్టి లోపాన్ని ఇలా ఊహించవచ్చు:

* గొట్టం నోటి నుండి గాలి వస్తే: ప్రధాన కవాటం సరిగా మూసుకోవడం లేదు.
* రెగ్యులేటరు వద్ద ఉండే చిన్న రంధ్రం నుండి వస్తే: రెగ్యులేటరులోని ఓ-రింగు పోయింది.
* నింపే రంధ్రం నుండి వస్తే: గాలిని వెనక్కి రానివ్వని కవాటం లీకవుతున్నది.
* సిలిండరు, రైఫిల్ కలిసే చోట వస్తే: అక్కడి ఓ-రింగు చెడింది. ఇది అన్నిటికంటే తేలికైన లోపం.
* గేజి మొదట్లో వస్తే: గేజి వాషరు చెడింది.

నోటి వద్ద గాలిని పరీక్షించడానికి ముఖం గాని చేయి గాని అడ్డం పెట్టరాదు. పలుచని కాగితపు ముక్కను ప్రక్క నుండి చూపితే చాలు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

కారు టైరులో గాలి రెండు, మూడు బార్‌లకు మించదు. పీసీపీ సిలిండరులో 200 బార్ అనగా ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 200 కిలోల బరువు. ఆటోలలో సీఎన్‌జీ నింపే పీడనం కూడా ఇంతే. ఇటువంటి భాగాన్ని గాలి ఉండగా విప్పితే మర చివరి చుట్టు వద్ద అది తుపాకి గుండు వలె ఎగిరిపోతుంది. గేజి సున్న చూపినా లోపల గాలి ఉండవచ్చు, ఎందుకంటే గేజి చెడి ఉండవచ్చు, లేదా రెగ్యులేటరు అవతలి గదిలో గాలి మిగిలి ఉండవచ్చు. స్ప్రింగు రైఫిల్‌లో గాలి లేకపోయినా, నొక్కి బిగించిన స్ప్రింగు వెనుక మూతను విసిరివేయగలదు. దానిని విప్పడానికి స్ప్రింగును పట్టి ఉంచే సాధనం తప్పనిసరి.

ముఖ్యమైన జాగ్రత్తలు:

* సిలిండరులో ఆక్సిజన్‌ను ఎట్టి పరిస్థితులలోనూ నింపరాదు. నూనె, గ్రీజు జాడలున్న చోట ఎక్కువ పీడనపు ఆక్సిజన్ పేలుడుకు దారితీస్తుంది. వెల్డింగు షాపులో, ఆసుపత్రిలో దొరికే సిలిండరుతో నింపించుకోవడం ప్రాణాంతకం.
* పీసీపీ రైఫిల్‌లో యంత్రాలకు వాడే పెట్రోలియం నూనెలు వేయరాదు. తయారీదారు చెప్పిన సిలికాను గ్రీజును మాత్రమే, కొద్దిగా వాడాలి.
* ఓ-రింగు అతుకులకు టెఫ్లాన్ టేపు చుట్టడం, పైన అంటుముద్ద పెట్టడం పనికిరావు. లీకు ఆగదు సరికదా, మర సరిగా బిగియక ప్రమాదం పెరుగుతుంది.
* సొట్ట, లోతైన గీత, తుప్పు ఉన్న సిలిండరును బాగుచేయించరాదు. దానిని మార్చాలి.
* సిలిండరుపై ముద్రించిన తేదీని చూడాలి. పోటీ రైఫిళ్ళ తయారీదారులలో పలువురు సిలిండరుకు 10 సంవత్సరాల గడువు పెడతారు. గడువు దాటిన సిలిండరు లీకు కాకపోయినా వాడదగినది కాదు.

మరమ్మతుకు సహాయం

మన ప్రాంతంలో ఎయిర్ రైఫిల్ బాగుచేసేవారు పెద్ద నగరాలలో తప్ప అరుదు. సైకిలు షాపు, కంప్రెసరు మెకానిక్, లేతు పనివారు నైపుణ్యం గలవారే అయినా ఈ రకం కవాటాలు, పీడనాలు వారి అనుభవంలోనివి కావు. సహాయం కోసం ఈ క్రమంలో ప్రయత్నించడం మంచిది:

1. రైఫిల్ అమ్మిన దుకాణం లేదా తయారీదారు. గడువు ఉంటే మొదట ఇక్కడికే వెళ్ళాలి. బయట విప్పించిన రైఫిల్‌కు హామీ వర్తించకపోవచ్చు.
2. షూటింగ్ క్లబ్బు. పోటీ షూటర్లకు శిక్షణ ఇచ్చే చోట శిక్షకులకు గాని, అక్కడి ఆయుధ నిపుణునికి గాని ఈ లోపాలు పరిచితమే. హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రాంగణంలో 2002 జాతీయ క్రీడల కోసం షూటింగ్ రేంజి నిర్మించారు. అటువంటి చోట్లకు వచ్చే షూటర్లను అడిగితే నమ్మదగిన పనివారి ఆచూకీ తెలుస్తుంది.
3. విదేశీ రైఫిల్ అయితే భారతదేశంలోని దాని ప్రతినిధి.
4. తుపాకుల మరమ్మతుకు లైసెన్సు ఉన్న దుకాణం. గాలి తుపాకులు చేసిన అనుభవం ఉన్నదా అని ముందే అడగాలి.

సహాయం అడిగేటప్పుడు "గాలి పోతున్నది" అని మాత్రమే చెబితే ఎవరూ దూరం నుండి ఏమీ చెప్పలేరు. రైఫిల్ పేరు, నమూనా, కొన్న సంవత్సరం, సిలిండరు తేదీ, ఎన్ని గంటలలో ఎన్ని బార్ తగ్గినది, బుడగలు ఎక్కడ వచ్చినవి, ఇంతకు ముందు ఎవరైనా విప్పారా అనే వివరాలు వ్రాసి ఇవ్వాలి. ఈ విషయాలు తెలిస్తే అనుభవజ్ఞుడు చాలా వరకు చెడిన భాగాన్ని విప్పకుండానే ఊహించగలడు, ఆ భాగాన్ని ముందే తెప్పించి ఉంచగలడు.

రైఫిల్‌ను వేరే ఊరికి పంపవలసివస్తే సిలిండరును విడదీసి, సూచనా పుస్తకంలోని పద్ధతి ప్రకారం పూర్తిగా ఖాళీ చేయాలి. గాలి నిండిన సిలిండరును విమానంలో గాని, కొరియరు ద్వారా గాని పంపరాదు. మరమ్మతు తర్వాత తీసిన పాత భాగాలను అడిగి తీసుకోవాలి. గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫు ఉన్న చోట ముందు, తర్వాత కొలతలు తీయించుకుంటే పని నాణ్యత తెలుస్తుంది.

ఓ-రింగులు సికింద్రాబాదులోని రాణిగంజ్, విజయవాడలోని ఆటోనగర్ వంటి పారిశ్రామిక విడిభాగాల మార్కెట్లలో దొరుకుతాయి. కాని లోపలి వ్యాసం, మందం, గట్టిదనం మూడూ సరిపోవాలి. కంటికి ఒకే విధంగా కనిపించే మెత్తని వలయం 200 బార్ వద్ద సందులోకి నలిగి చీలిపోతుంది. చెడిన వలయాన్ని కొలతకు ఇవ్వడం కంటే తయారీదారు చెప్పిన కొలత ఇవ్వడం మేలు, ఎందుకంటే పాతది అప్పటికే చదునై ఉంటుంది.

పోటీలలో ప్రాధాన్యత

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నుండి జరుగుతున్నది. దీనిలో వాడే గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యం మధ్యనున్న 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత చిన్న గురికి ప్రతి గుండూ ఒకే వేగంతో వెళ్ళాలి. రెగ్యులేటరు కొద్దిగా లీకయినా గుండ్ల వేగం మారి, షూటరు తన చేతినే అనుమానించే పరిస్థితి వస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా ఈ పోటీలోనే భారతదేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం సాధించాడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు.

పోటీ మధ్యలో ఆయుధం చెడితే నష్టం ఎంతటిదో 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్‌లో కనిపించింది. మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. అది గాలి లీకు కాదు, యంత్ర భాగంలో వచ్చిన లోపం. బాగుచేయించి తిరిగి వచ్చేసరికి విలువైన సమయం గడిచిపోయింది. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి, ఫైనల్ చేరలేకపోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె ఇదే విభాగంలో కాంస్యం సాధించింది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం సిలిండరు గడువులో ఉన్నదని చూసుకొనే బాధ్యత క్రీడాకారునిదే.

భారతదేశంలో చట్టం

ఆయుధ నియమాలు, 2016 ప్రకారం గుండు శక్తి 20 జౌళ్ళకు మించిన, లేదా గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు మించిన గాలి తుపాకులకు లైసెన్సు అవసరం. మరమ్మతు పేరుతో గట్టి స్ప్రింగు వేయించడం, రెగ్యులేటరు పీడనం పెంచడం వలన లైసెన్సు అవసరం లేని రైఫిల్ ఈ పరిమితిని దాటవచ్చు. అప్పుడు యజమాని, తెలియకుండానే, చట్టాన్ని ఉల్లంఘించినవాడవుతాడు. లైసెన్సు పరిధిలోని ఆయుధాలను బాగుచేసే వ్యక్తికి ఆయుధ చట్టం, 1959 క్రింద లైసెన్సు ఉండాలి.

గాలి తుపాకితో వన్యప్రాణులను, పక్షులను వేటాడడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో పక్షుల వేటను తగ్గించడానికి 2021లో ప్రజలు తమ గాలి తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించే కార్యక్రమాన్ని ప్రారంభించారు. బాగుచేయించే ఉద్దేశం లేని పాత గాలి తుపాకిని పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వరాదు. గాలి లీకవుతున్న రైఫిల్ నుండి వచ్చే గుండు కూడా కంటిని పోగొట్టగలదు.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* షూటింగ్ క్రీడ
* అభినవ్ బింద్రా
* గగన్ నారంగ్
* పీడనం